పట్నం దారిలో మూటాముల్లె

"విశాఖపట్నం వెళ్ళడానికి ఇంత హడావిడి ఎందుకమ్మా? కారెక్కితే మూడున్నర గంటలు. మధ్యలో టీ తాగడానికి ఆగితే నాలుగు," అన్నాడు మా అబ్బాయి.

అని వూరుకోలేదు. తన ఫోనులో ప్రయాణపు జాబితా కూడా రాసి చూపించాడు. అందులో మూడే మూడు మాటలున్నాయి. ఛార్జరు, ఆధార్ కార్డు, మామ్మ.

మూడో మాట చదివి నేను నవ్వాను గాని మా అత్తగారు నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని, బొడ్డున దోపుకున్న కాయితం తీశారు. పాత క్యాలెండరు చింపి దాని వెనక పెన్సిలుతో రాసిన జాబితా. లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవైయొక్క వస్తువులున్నాయి.

సంగతేమిటంటే మా ఆడపడుచు విశాఖలో వుంటోంది. ఆవిడ కూతురికి తొలికాన్పు. ఆడపిల్ల పుట్టింది. ఇరవైయొకటో రోజున ఉయ్యాలలో వేస్తున్నారు. ముత్తవ్వ రాకుండా ఉయ్యాల ఎలా కదుల్తుంది చెప్పండి? మేముండేది టెక్కలిలో. మా అత్తగారు మాత్రం మూలపేటలో పాత ఇంట్లోనే వుంటారు. కనుక ప్రయాణం మూలపేట నుంచే మొదలు.

మూలపేట మీలో చాలామందికి తెలిసి వుండదు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి, నౌపడ ఉప్పుమళ్ళు దాటి సముద్రం వేపు వెళ్తే సంతబొమ్మాళి మండలంలో వస్తుంది. పక్కనే భావనపాడు. వుత్తరాన కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల ఉద్దానం. మాకు దగ్గర్లోని తేలినీలాపురానికి ఏటా ఎక్కడెక్కడి నుంచో గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి గూళ్ళు కట్టుకుని పిల్లల్ని చేసుకుని పోతాయి. వాటికి మూటా లేదు, ముల్లే లేదు. పక్షిజన్మ అంటే అదీ సుఖం!

మా అత్తగారి జాబితాలో కొబ్బరికాయలు పది, పనసకాయ ఒకటి, జీడిపప్పు, ములక్కాడలు, ఎండునెత్తళ్ళు, బాలింతకి కాయం, పాతచీరలు మెత్తనివి నాలుగు... ఇలా సాగింది. "ఇవన్నీ విశాఖలో వీధి చివర దొరుకుతాయి మామ్మా," అన్నాడు వాడు. "దొరుకుతాయిరా. తిత్లీ తుఫానుకి నిలబడ్డ మన చెట్టు కాయ దొరుకుతాదా?" అన్నారు ఆవిడ. 2018 అక్టోబరు 11న ఆ తుఫాను మా వేపు తీరాన్ని తాకి, ఉద్దానంలో కొబ్బరిచెట్లని నిలువునా కూల్చేసింది. మా పెరట్లో వున్నవాటిలో ఒక్కటే మిగిలింది. వాడింక మాట్లాడలేదు.

ఆ రెండు జాబితాలూ చేతిలో పట్టుకుని తీర్పు చెప్పవలసినదాన్ని నేను. చూస్తూండగా నాకో సంగతి తోచింది. ప్రయాణానికి మనం కట్టుకునే మూట దూరాన్ని బట్టి వుండదు. దారిలో ఏది దొరకదో దాన్ని బట్టి వుంటుంది. కనుక ఏ కాలపు మూట విప్పి చూసినా ఆ కాలపు దారి ఎలాంటిదో తెలిసిపోతుంది. యుద్ధాలూ పట్టాభిషేకాలూ రాసిపెట్టినవాళ్ళున్నారు. మూటలు విప్పి చూసినవాళ్ళు తక్కువ. ఇవాళ మనం ఆ పని చేద్దాం.

అందరికంటే పెద్ద మూట కట్టినాయన ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి కాశీ వెళ్ళి, మళ్ళీ 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. వెళ్ళేటప్పుడు కడప, హైదరాబాదు, నాగపూరు దారిన వెళ్ళారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని, గంజాం మీదుగా మా తీరం వెంటే శ్రీకాకుళం, విశాఖపట్నం దాటి దక్షిణానికి దిగారు. దారిలో చూసిందల్లా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి రాసి పంపేవారు. ఆయన దాన్ని 1838లో "కాశీయాత్ర చరిత్ర" అని అచ్చువేయించారు. తెలుగులో మొదటి యాత్రాగ్రంథం అని దానికి పేరు.

ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం! పల్లకీ, దాన్ని మోసే బోయీలు, డేరాలు, వంటసామాను. వింటే మనకి విడ్డూరం. కాని దారిని తలుచుకుంటే విడ్డూరం కాదు. అప్పట్లో రోజుకొక మజిలీ. పది మైళ్ళు, మహా అయితే పదిహేను. మజిలీ చేసిన వూళ్ళో బియ్యం దొరుకుతుందో లేదో, నీళ్ళు మంచివో కావో, సత్రం వుందో లేదో ముందు తెలియదు. అందుకే ఆయన పుస్తకం నిండా ఏ వూళ్ళో అంగళ్ళున్నాయి, ఏ వూళ్ళో సామాన్లు దొరుకుతాయి, ఏ ఏరు ఎలా దాటాలి అనే వివరాలే. ఇంటిపెత్తనం చేసే ఆడవాళ్ళు చదివితే "అబ్బ, ఈయనకి సంసారం తెలుసు" అనుకుంటారు.

టెక్కలి నుంచి విశాఖకి సుమారు 160 కిలోమీటర్లు. ఆ కాలపు లెక్కలో నూరు మైళ్ళు. రోజుకొక మజిలీ చొప్పున వారం దాటిపోతుంది. పైగా దారిలో వంశధార, నాగావళి, చంపావతి, గోస్తనీ. వంతెన లేని కాలంలో వానలు పడి ఏరు పొంగితే గట్టునే కూచోవాలి. ఎన్నాళ్ళని ఎవరు చెప్పగలరు? అందుకే పాత మూటల్లో వారానికి సరిపడా అటుకులుంటే, ఇంకో వారానికి చాలేటన్ని అదనంగా వుండేవి. ఇప్పుడు మడపాం దగ్గర వంశధార ఎప్పుడు దాటామో కారులో నిద్రపోయేవాళ్ళకి తెలియనే తెలియదు.

అన్నట్టు, మా వూరివాళ్ళకి "పట్నం" అంటే ఎప్పుడూ విశాఖపట్నమే అనుకుంటున్నారా? కాదండీ. దిక్కులు మారుతూ వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం ప్రాంతాలన్నీ గంజాం జిల్లాలోవి. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో. పెద్దవూరు అంటే బరంపురం. భూమి తగాదా వచ్చినా, అర్జీ పెట్టుకోవాలన్నా మొగవాళ్ళు వుత్తరానికి పోయేవారు. ఆ తర్వాత మమ్మల్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. అప్పుడు కచేరీపని దక్షిణానికి తిరిగింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అలా పద్నాలుగేళ్ళలో మా వూరు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది.

ఇవి కచేరీ పట్నాలు. కూలి కోసం, నాలుగు డబ్బులు కళ్ళచూడడం కోసం వెళ్ళిన పట్నం వేరే వుంది. అది తూర్పున, సముద్రానికి అవతల. రంగూను. మా వాళ్ళ నోట "రంగం". బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలు ఆగి జనాన్ని ఎక్కించుకుని పోయేవి. ఏరు దాటి విశాఖ వెళ్ళనివాడు కూడా సముద్రం దాటి రంగం వెళ్ళేవాడు! వంశధార సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో శాలిహుండం కొండ మీద బౌద్ధస్తూపాల శిథిలాలున్నాయి. ఈ తీరానికీ తూర్పు దేశాలకీ రాకపోకలు అంత పాతవి. మలయా దేశంలో మనవాళ్ళని "క్లింగు" అనడం కూడా కళింగం నుంచి వచ్చిందే.

మా అత్తగారింట్లో టేకుపెట్టె ఒకటుంది. దాన్ని ఇప్పటికీ "రంగంపెట్టె" అంటారు. మా మావగారి తండ్రి రంగంలో కొన్నాళ్ళు పనిచేసి, ఓసారి వూరికొచ్చినప్పుడు ఓడలో తెచ్చారట. మళ్ళీ వెళ్ళారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకని లక్షలమంది అడవులూ కొండలూ పట్టి కాలినడకన బయల్దేరారు. దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఇళ్ళు చేరారు. మా పెద్దాయన నెలల తర్వాత ఇంటి గుమ్మంలో నిలబడితే ఇంట్లోవాళ్ళు ముష్టివాడనుకుని గుప్పెడు బియ్యం తెచ్చారట. ఆయన చేతిలో మూట లేదు. చరిత్రలో అదీ ఒక మూటే. ఏమీ లేని మూట. ఆ దారి ఎలాంటిదో అంతకంటే గట్టిగా ఏ పుస్తకం చెప్పగలదు?

ఆ తర్వాత కూడా బర్మా వదిలి వచ్చినవాళ్ళున్నారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక ఇంకొన్ని వేల కుటుంబాలు తిరిగొచ్చాయి. విశాఖపట్నంలో "బర్మా క్యాంపు" అన్న పేరు వాళ్ళ గుర్తే. ఈసారి వెళ్ళినప్పుడు ఆ పేరు వినబడితే చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుంటాను.

ఇక రైలు. విజయవాడ నుంచి కటకం దాకా తూర్పుతీరపు రైలుమార్గం 1893 – 1896 మధ్య వేశారు. దాంతో నౌపడకి రైలుస్టేషను వచ్చింది. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ వూరికి చిన్నరైలు వేయించారు. 1931 నాటికి అది గుణుపురం దాకా వెళ్ళింది. ఎద్దుబండి కంటే కాస్త నయం, సైకిలు కంటే కాస్త నాగా అని వేళాకోళం చేసేవారు. 2004లో చిన్నరైలు ఆగి, 2011లో పెద్దపట్టాల మీద మళ్ళీ రైలు నడిచింది.

మా అత్తగారి పుట్టిల్లు పర్లాకిమిడి. 1962లో కొత్తపెళ్ళికూతురుగా ఆ చిన్నరైల్లోనే వచ్చి నౌపడలో దిగారు. అక్కణ్ణుంచి ఎద్దుబండి. "ఏటి తెచ్చుకున్నారత్తా ఆవేళ?" అని అడిగాను. "సారె మా అమ్మ కట్టింది. చెంబు నాను పట్టుకున్నాను," అన్నారు. కొంచెం ఆగి, "చెంబులో నీళ్ళు మట్టుకు తాగలేదు. మర్నాడు తెల్లారేదాకా తాగలేదు. కొత్తకోడలు బండి ఆపమని ఎలా అంటాది?" అన్నారు.

అక్కడ నా చేతిలో జాబితా ఆగిపోయింది.

అమ్మలూ, మన మాట మనం చెప్పుకోవాలి. మూటలో ఎన్ని వున్నా ఆడవాళ్ళు ప్రయాణానికి ముందు చేసే ఏర్పాటు ఒకటుంది. అది ఏ జాబితాలోనూ రాయం. ముందురోజు సాయంత్రం నుంచీ నీళ్ళు మానేయడం. మా అమ్మ మానేసింది. మా అత్తగారు మానేశారు. నేను మానేశాను. మీరు మానేయలేదూ?

రైలుపెట్టెల్లో మరుగుదొడ్డి రావడానికి ఓ తమాషా కథ చెప్తారు. 1909లో వంగదేశంలో ఒఖిల్ చంద్ర సేన్ అనే ఆయన పనసపండు కాస్త ఎక్కువ తిని రైలెక్కాడట. అహమ్మద్‌పూర్ స్టేషనులో కడుపులో గడబిడయి దిగాడు. పని పూర్తికాకముందే గార్డు ఈల వేశాడు. ఒకచేత్తో చెంబు, ఇంకోచేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద నలుగురూ చూస్తూండగా పడిపోయాడు. రైలు వెళ్ళిపోయింది. ఆయన వూరుకోలేదు. రైల్వే అధికారులకి ఇంగ్లీషులో ఘాటుగా ఉత్తరం రాసిపారేశాడు. దాని ప్రభావంతోనే సామాన్యుల పెట్టెల్లో కూడా మరుగుదొడ్లు వచ్చాయంటారు. ఢిల్లీ రైలు మ్యూజియానికి వెళ్ళినవాళ్ళకి ఆ ఉత్తరం కథ చెప్తారు కూడా.

నవ్వుకున్నారు కదా. ఇప్పుడు ఒక్కమాట. ఆయన మొగవాడు కనుక పడిపోయాడు, లేచాడు, ఉత్తరం రాశాడు. ఆ రైల్లోనే వున్న ఆడవాళ్ళు ఏమని రాస్తారు? "అయ్యా, మేము నిన్నటి నుంచి నీళ్ళు తాగలేదు" అని రాసిన ఉత్తరం ఏ మ్యూజియంలోనూ లేదు. రాయలేదు కనుక లేదు.

రైలు తర్వాత బస్సు. 1958లో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఎర్రబస్సు వచ్చాక మూట చిన్నదయింది. నిమ్మకాయ, చింతపండు వుండ, వాంతికి కాయితపు పొట్లం, బిస్కట్లు, చంటిపిల్ల వుంటే గుడ్డలు. కోటబొమ్మాళి, నరసన్నపేట, శ్రీకాకుళం, చిలకపాలెం, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం, తగరపువలస... కండక్టరు పేర్లు చదువుతూంటే మధ్యలో బస్సు ఆగినచోటల్లా మొగవాళ్ళు దిగి గోడవేపు నడిచేవారు. మనం కిటికీలోంచి అటువేపు చూడకుండా ఇటువేపు చూసేవాళ్ళం. అప్పట్లో అది 5వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 16 అయింది. నంబరు మారింది, దారి వెడల్పయింది, మన పద్ధతి మారలేదు.

ఈ దారి మీద మా అత్తగారు చేసిన ప్రయాణాల్లో ఎక్కువ భాగం పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ కాదు. మా మావగారికి 2008లో మూత్రపిండాలు చెడిపోయాయని తేలింది. ఉద్దానం పేరు చెప్పగానే దేశమంతా గుర్తుచేసుకునేది ఆ జబ్బునే. ఎండలో పనీ, నీళ్ళూ, పుట్టుకతో వచ్చే గుణమూ... ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఫలానాదే మూలకారణం అని మాత్రం ఇంకా తేలలేదు. ఆ రోజుల్లో మావాళ్ళకి డయాలిసిస్ అంటే విశాఖపట్నం ప్రయాణమే. వారానికి రెండుసార్లు. చీకటితో లేచి ఆటో, తర్వాత బస్సు. సాయంకాలం మళ్ళీ బస్సు. మూడేళ్ళు తిరిగారు ఇద్దరూ.

"అప్పుడేం సర్దేవారత్తా?" అంటే, "ఏటుంది, ఒక ఫ్లాస్కు. ఒక తువ్వాలు," అన్నారు. జబ్బు ముదిరినవాళ్ళకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. డాక్టర్లు చెప్పిన కొలతకి ఒక్క గుక్క ఎక్కువ కాకూడదు. ఆయన దాహం అన్నప్పుడల్లా ఈవిడ చిన్నగ్లాసుతో కొలిచి పోసేవారు. తను మాత్రం ముట్టుకునేవారు కాదు. ఒకే సీటులో ఇద్దరు దప్పికతో కూచుని ఎన్నిసార్లు విశాఖ వెళ్ళొచ్చారో! ఆయనకి డాక్టరు వద్దన్నాడు. ఈవిడకి దారి వద్దంది. ఆయన 2011లో పోయారు. ఈవిడ అలవాటు మాత్రం పోలేదు.

2023 డిసెంబరు 14న పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి గొట్టాల ద్వారా మంచినీళ్ళిచ్చే పథకం కూడా అదేరోజున మొదలుపెట్టారు. ఆ వార్త టీవీలో చూస్తూ మా అత్తగారు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, అటకమీద నుంచి ఆ ఫ్లాస్కు దించి, తోమి, బోర్లించి మళ్ళీ అటకమీదే పెట్టారు.

సరే, మళ్ళీ మన ప్రయాణానికి వద్దాం. బస్సా, కారా అని చిన్న పేచీ నడిచింది. 2025 ఆగస్టు 15న "స్త్రీ శక్తి" పథకం వచ్చాక మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు లేదు. "ఆధార్ కార్డు చూపిస్తే సరి, కారుకి డబ్బులు తగలేయడం ఎందుకే అమ్మాయ్?" అని అత్తగారి వాదన. ఆమాట కామాటే చెప్పుకోవాలి. భర్త జేబు వేపు చూడకుండా ఆడది బస్సెక్కి కూచోవడం మా అత్తగారి తరం కలలో కూడా అనుకోలేదు. కాని ఎనభై దాటిన మనిషి, ఇరవైయొక్క మూటలు! చివరికి పనసకాయే తీర్పు చెప్పింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో నాలుగ్గంటలు కూచోవడానికి ఎవరూ సిద్ధపడలేదు. కారే ఖాయమయింది.

నేను అంశాలు ఒక్కొక్కటే టిక్కు పెడుతూ చివరికొచ్చాను. ఇరవైయొకటోది దగ్గర పెన్సిలు ఆగింది. "మనింటి నూతినీళ్ళు – ఒక బిందె" అని వుంది.

మా అబ్బాయి పకపకా నవ్వాడు. "నీళ్ళు కూడానా మామ్మా! విశాఖలో కుళాయిలు లేవా?"

"ఉన్నాయిరా గుంటడా. పిల్లకి ఉయ్యాల్లో వేసేముందు పోసే నీళ్ళల్లో మనూరివి రెండు చెంబులు కలపాలి. దాని మనవలకి ఈ నుయ్యి చూపించగలనా నాను?" అన్నారు ఆవిడ.

ఎందుకన్నారో మీకు చెప్పాలి. మా వూళ్ళో సముద్రపు రేవు కడుతున్నారు. మొదట భావనపాడు రేవు అన్నారు. తర్వాత మూలపేట రేవు అని పేరు మార్చి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. మొదటి దఫాలో నాలుగు బెర్తులు. ఏడాదికి రెండు కోట్ల ముప్ఫై అయిదు లక్షల టన్నుల సరుకు దింపేటంత రేవు. జాతీయ రహదారి నుంచి దానికి పెద్దరోడ్డు. రేవు కోసం మూలపేట, విష్ణుచక్రం వూళ్ళవాళ్ళకి నౌపడలో ఇళ్ళు కట్టుకోవడానికి చోటు చూపించారు.

దీనిమీద వూళ్ళో రెండుమాటలూ వున్నాయి. "మన పిల్లలు కూలికి చెన్నై, హైదరాబాదు పోనక్కర్లేదు" అనేవాళ్ళున్నారు. తాతలు రంగం పోయినట్టే మనవలు వలస పోతున్న వూరు మాది. వాళ్ళ ఆశ తప్పని నేనెలా అనగలను? "వేటకి పోయేవాడికి సముద్రం ఎదురుగా వుండాలి గాని కాలనీలో ఇల్లిస్తే ఏం చేసుకుంటాడు?" అనేవాళ్ళూ వున్నారు. ఆ బాధ అబద్ధమని మాత్రం ఎలా అంటాను?

మన తీరంలో పట్నం అని పేరున్న వూళ్ళు చూడండి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం. అన్నీ ఓడలు ఆగిన రేవులే. ఓడ ఆగినచోటే మనవాళ్ళకి పట్నం. విశాఖ కూడా 1933లో లోపలి రేవు తెరిచాకనే మహానగరం దారి పట్టింది. అంటే ఇన్నాళ్ళూ మూటకట్టుకుని మేము పట్నానికి పోయాం. ఇప్పుడు పట్నమే మూటకట్టుకుని మా వూరికి వస్తోంది. అది వచ్చి కూచోవాలంటే మేము లేచి జరగాలి. ఆ మూటలో ఏం పెట్టాలో మా అత్తగారికి ఇంకా తోచలేదు. రంగంపెట్టె ఖాళీ చేసి, తుడిచి, వసారాలో పెట్టుకున్నారు. రోజూ ఒకటి అందులో పెడతారు. మర్నాడు తీసేస్తారు. విశాఖ జాబితా ఒక్క పూటలో రాసిన మనిషి ఆ జాబితా ఇంతవరకూ మొదలుపెట్టలేదు.

మా అబ్బాయి నవ్వు ఆపి, మారుమాట లేకుండా మూతగట్టిగా వున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి వెతికి తెచ్చాడు. నూతిలో చేద వేసి తనే తోడాడు. బిందెలో అయితే దారిలో తొణికిపోతుందట.

నేను పెన్సిలు అందుకుని మా అత్తగారి జాబితా కింద ఇంకో వరస రాశాను.

"22. నీళ్ళసీసా – అత్తయ్య తాగడానికి. దారిలో రెండుచోట్ల ఆగవలెను."

టోల్‌గేట్ల దగ్గరా, పెట్రోలు బంకుల దగ్గరా ఇప్పుడు ఆడవాళ్ళకి మరుగుదొడ్లున్నాయి. అన్నీ శుభ్రంగా వుంటాయని నేను హామీ ఇవ్వలేను. లేనిచోట అడుగుదాం. ఒఖిల్ చంద్ర సేన్‌గారు పడిపోయి కూడా ఉత్తరం రాశారు. మనం పడిపోకముందే రాయవచ్చు.

అత్తగారు కాయితం కంటికి దగ్గరగా పెట్టుకుని చదివారు. "ఇది కూడా రాస్తారేటే జాబితాలో?" అని సిగ్గుపడ్డారు. కొట్టేస్తారేమో అనుకున్నాను. కొట్టెయ్యలేదు. పెన్సిలు తీసుకుని, "అత్తయ్య" అన్నమాట పక్కన "కోడలు కూడా" అని రాసి, కాయితం మడిచి మళ్ళీ బొడ్డున దోపుకున్నారు.